అర్థం కాని బొమ్మల ముందు ఎలా నిలబడాలి: నైరూప్య చిత్రకళా ప్రదర్శన చూడటానికి సమగ్ర మార్గదర్శి

ధర్మవరంలో పట్టుచీర కొనడానికి వెళ్లినప్పుడు మా అమ్మ చేసే పని ఒకటుంది. తెల్లటి పరుపు మీద చీర పరచగానే ధర అడగదు. కాస్త వెనక్కి జరిగి మొత్తం ఒకసారి చూస్తుంది. తర్వాత ముందుకు వంగి, అంచు రంగూ బాడీ రంగూ కలిసేచోట వేలు పెట్టి కాసేపు అక్కడే చూపు నిలుపుతుంది. ఆ తర్వాత చీరను గుమ్మం దాకా తీసుకుపోయి వెలుతురులో అటూ ఇటూ తిప్పుతుంది. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు కాబట్టి మడత తిరిగినచోట మూడో రంగు తేలుతుంది. చివరికి, "ఈ పచ్చ అంచును మింగేస్తాంది, వద్దు" అని పక్కన పెట్టేస్తుంది. ఆ చీర మీద మనిషి బొమ్మ లేదు, చెట్టు లేదు, కథ లేదు. అయినా దాని అర్థం ఏంటని ఆమె ఎవర్నీ అడగలేదు.

నైరూప్య చిత్రాల ముందు నిలబడటానికి కావలసిన చూపు అదే. అనంతపురంలో నాకు తెలిసిన చాలామంది ఇలాంటి ప్రదర్శనకు రమ్మంటే "మాకు అవి అర్థం కావు" అని ఆగిపోతారు. చీరల దగ్గర, ముగ్గుల దగ్గర, ఇంటికి రంగు ఎంచుకునే దగ్గర రోజూ వాడే కన్నునే గ్యాలరీలోకి కూడా తీసుకెళ్లొచ్చని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఇక్కడ చెప్పబోయేది అదే, ఒక్కో మెట్టుగా.

ముందుగా: నైరూప్యం అంటే

కనిపించే వస్తువును ఉన్నది ఉన్నట్టు వేయకుండా రంగు, గీత, ఆకారం, పూతలతోనే నిలబడే బొమ్మ నైరూప్య చిత్రం. కొన్నిటిలో కొండో ఊరో లీలగా మిగిలి ఉంటుంది. కొన్నిటిలో అదీ ఉండదు.

ఇది ఎలా మొదలైందో తెలియాలంటే కాండిన్‌స్కీ చెప్పిన సంగతి ఒకటి చాలు. 1866లో మాస్కోలో పుట్టిన ఈ చిత్రకారుడు జర్మనీలోని మ్యూనిక్‌లో ఉండేవాడు. ఒకరోజు సంధ్యవేళ ఇంటికి వచ్చేసరికి స్టూడియోలో ఒక అద్భుతమైన బొమ్మ కనిపించింది. అందులో ఏముందో తెలియలేదు, రంగులూ ఆకారాలూ మాత్రం లోపలి నుంచి వెలుగుతున్నట్టు ఉన్నాయి. దగ్గరికెళ్లి చూస్తే అది తను వేసిన బొమ్మే, పక్కకు తిరిగి గోడకు ఆనించి ఉంది. మర్నాడు పగటి వెలుతురులో ఎంత ప్రయత్నించినా ఆ అనుభవం పూర్తిగా తిరిగి రాలేదు. బొమ్మను పక్కకు తిప్పి చూసినా వస్తువులే గుర్తుకొచ్చాయి. తన బొమ్మలకు అడ్డుపడుతున్నది వస్తువేనని ఆయనకు అప్పుడు తట్టింది. స్వీడన్‌లో హిల్మా ఆఫ్ క్లింట్ అనే ఆవిడ 1906లోనే ఇలాంటి బొమ్మలు మొదలుపెట్టింది. వాటి సంగతి లోకానికి చాలా ఆలస్యంగా తెలిసింది.

మన దేశంలో ఈ దారిలో నడిచినవాళ్లలో ఎస్.హెచ్.రజా, వి.ఎస్.గాయ్‌తొండే, నస్రీన్ మొహమ్మదీ పేర్లు గుర్తుపెట్టుకోండి. తెలుగువాళ్లలో గుడివాడలో పుట్టి లండన్‌లో చదువుకున్న ఎస్.వి.రామారావు ఉన్నారు. 2001లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ప్రదర్శనకు వెళ్లే ముందు ఈ మాత్రం తెలిస్తే సరిపోతుంది. ఎక్కువ చదువుకుని వెళ్తే చదివినదే గోడ మీద కనిపిస్తుంది.

ఎక్కడ, ఎప్పుడు

మనూళ్లో ఎగ్జిబిషన్ అంటే జెయింట్ వీల్, మిరపకాయ బజ్జీలు. బొమ్మల ప్రదర్శనలు తక్కువ. వచ్చినా ఏ కాలేజీ హాల్లోనో రెండు మూడు రోజులుండి వెళ్లిపోతాయి. అందుకే ఊళ్లో ఒక డ్రాయింగ్ మాస్టారినో, చిత్రకారుడినో పరిచయం చేసుకోండి. ఇలాంటి కబురు పేపర్లో పడేలోపే వాళ్లకు తెలుస్తుంది.

పెద్ద గ్యాలరీ చూడాలంటే అనంతపురం వాళ్లకు బెంగళూరే దగ్గర, హైవే మీద 200 కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ ప్యాలెస్ రోడ్డులో మాణిక్యవేలు మాన్షన్‌లో నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ ఉంది. 2009లో తెరిచారు. చుట్టూ పెద్ద చెట్లు, లోపల చల్లగా, నెమ్మదిగా తిరిగే చోటు. సోమవారం సెలవు, ఆ రోజు బండెక్కకండి. కుమారకృప రోడ్డులోని చిత్రకళా పరిషత్‌లో ఎప్పుడూ ఏదో ఒక ప్రదర్శన నడుస్తుంటుంది. కర్నూలు వాళ్లకు హైదరాబాద్ దగ్గర, మాదాపూర్‌లో స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ ఉంది. కడపలో ఇప్పుడు ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. విద్యార్థులు తమ పనులు ఎప్పుడు ప్రదర్శనకు పెట్టినా వదులుకోకండి. చెన్నైలో పనిపడితే 1966లో చిత్రకారులే కలిసి కట్టుకున్న చోళమండలం ఊరికి ఒక పూట కేటాయించండి.

ప్రారంభోత్సవం రోజు వెళ్లకపోవడమే మంచిది. రిబ్బను, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ప్రసంగాలు అయ్యేసరికి చీకటి పడుతుంది. బొమ్మల ముందంతా గ్రూప్ ఫోటోల జనం. రెండో రోజు ఉదయం, హాలు తెరిచిన అరగంటకు వెళ్లండి. చిత్రకారులు ఖాళీగా ఉంటారు, కిటికీల్లోంచి పగటి వెలుతురు ఉంటుంది, మన కళ్లూ అలిసిపోయి ఉండవు.

ముందు రోజు: కన్నును సిద్ధం చేసుకోవడం

వీలైతే ప్రదర్శనకు ముందు ఒకసారి లేపాక్షి వెళ్లి రండి. ఇప్పుడు జిల్లా వేరైనా మనకు అది సొంత ఊరి లెక్కే. వీరభద్రస్వామి గుడిలో పైకప్పు మీది బొమ్మలను అందరూ చూస్తారు. మీరు లతా మంటపంలోకి వెళ్లి స్తంభాల ముందు ఆగండి. ఒక్కో ముఖం మీద ఒక్కో డిజైన్. తీగలు, చుక్కలు, మెలికలు, గళ్లు. చీరల అంచులకు నేతగాళ్లు వాడుకుంటున్న డిజైన్లు ఇవే. ఒక స్తంభం ఎంచుకుని, ఒక ముఖం మీది తీగ ఎక్కడ మొదలై ఎక్కడ తిరిగి కలుస్తుందో కంటితో వెంటబడి చూడండి. ఆ తీగ మనకు ఏ కథా చెప్పదు. అయినా కన్ను దాన్ని వదలదు. 16వ శతాబ్దపు శిల్పులు కథ లేకుండానే కన్నును కట్టిపడేశారు.

లేపాక్షి కుదరకపోతే ఇంటి ముందు ముగ్గు చాలు. పెట్టాక చూడటం కాదు, పెడుతుండగా చూడండి. చుక్కల మధ్య తెల్లపిండి గీత తిరిగే కొద్దీ మధ్యలో మిగిలే నేల కూడా ఒక ఆకారంగా మారుతుంది. నైరూప్య చిత్రంలో సగం ఆట అదే: వేసిన దానితో పాటు, వేయకుండా వదిలిన చోటు కూడా బొమ్మే.

గుమ్మం దగ్గర

ప్రైవేటు గ్యాలరీల్లో చాలావరకు టికెట్ ఉండదు. కొనాలన్న బలవంతం అంతకన్నా ఉండదు. ఈ మాట గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మొదటిసారి నేను ఒక పెద్ద ఊళ్లో గ్యాలరీకి వెళ్లినప్పుడు డెస్క్ దగ్గరి మనిషి నన్ను పైనుంచి కిందికి చూసి, "కొనడానికా, ఊరికే చూడటానికా" అని అడిగాడు. ఆ టెన్షన్‌లో పది నిమిషాల్లో బయటికొచ్చేశాను, ఒక్క బొమ్మా గుర్తులేదు. మీకలా జరిగితే "చూడటానికే" అని నిదానంగా చెప్పి లోపలికి నడవండి. ప్రదర్శన పెట్టేది చూడటానికే.

బ్యాగు భుజానికి కాకుండా ముందు వైపు పట్టుకోండి, వెనక ఉన్న కాన్వాస్‌కు తగలకుండా. నీళ్ల బాటిల్ లోపలికి వద్దు. బొమ్మను ముట్టుకోవద్దు. చేతి చెమటలోని జిడ్డు రంగు మీద మరక పడి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఫోటో తీయాలంటే అడిగి తీయండి, ఫ్లాష్ లేకుండా.

గోడ మీద చిత్రకారుడి గురించి పెద్ద కాగితం అంటించి ఉంటుంది. దాన్ని ఇప్పుడే చదవొద్దు.

మొదటి చుట్టు

ఎక్కడా ఆగకుండా హాలంతా ఒకసారి నడవండి. ఐదు నిమిషాలు. ఏ బొమ్మ దగ్గర కాలు తనంతట తానే నెమ్మదించిందో, దేన్నుంచి చూపు తప్పించుకోవాలనిపించిందో గమనించండి. అలా రెండో మూడో ఎంచుకోండి. నలభై బొమ్మలున్న హాల్లో అన్నీ సమంగా చూడాలని పోతే ఏదీ చూడలేం. నచ్చనిది కూడా ఒకటి ఎంచుకోండి. చిరాకు పుట్టించిన బొమ్మ ముందు నేను నేర్చుకున్నది చాలా ఉంది.

ఒక్క బొమ్మ ముందు పది నిమిషాలు

అసలు పని ఇక్కడే. పది నిమిషాలంటే వినడానికి తక్కువే, నిలబడితే చాలా పొడుగు. మూడో నిమిషానికి "చూసేశాను" అనిపిస్తుంది. అక్కడ కదలకండి. బొమ్మ తెరుచుకునేది ఆ తర్వాతే.

ముందు దూరం నుంచి చూడండి. బొమ్మ వెడల్పుకు రెండింతలు వెనక్కి జరిగితే మొత్తం ఒక్క చూపులో పడుతుంది. బరువు ఎటు ఉంది? కింద ఉందా, ఒక మూలకు లాగుతోందా? కన్ను మొదట ఎక్కడ పడింది, అక్కడి నుంచి ఎటు జారింది? ఎక్కడైనా ఇరుక్కుందా? కళ్లు సగం మూసి చూస్తే రంగులు తగ్గి వెలుగు నీడలే మిగులుతాయి, బొమ్మ ఎముకలు బయటపడతాయి.

ఇప్పుడు దగ్గరికి. అమెరికా చిత్రకారుడు మార్క్ రోత్కో తన పెద్ద పెద్ద బొమ్మలను అడుగున్నర దూరం నుంచే చూడాలనేవాడు. మనిషిని మించిన కాన్వాస్‌కు అంత దగ్గరగా నిలబడితే అంచులు కనిపించవు, రంగు మన చుట్టూ కమ్ముకుంటుంది. చిన్న బొమ్మ దగ్గర మాత్రం ఇంకో పని చేయండి: పక్కకు జరిగి, గోడ వెంబడి ఏటవాలుగా చూడండి. రంగు ఎక్కడ మందంగా ఉందో, ఎక్కడ గీకేశారో, ఎక్కడ గుడ్డతో తుడిచారో తెలిసిపోతుంది. గాయ్‌తొండే బ్రష్షుకు బదులు రోలరు, ప్యాలెట్ నైఫ్ అనే రంగు పరిచే చిన్న కత్తి వాడేవాడు. రంగు వేసి, తీసి, మళ్లీ వేసి పొరలు కట్టేవాడు. ఏడాదికి కొద్ది బొమ్మలే పూర్తయ్యేవి. అలాంటి బొమ్మను ఎదురుగా నిలబడి మాత్రమే చూస్తే ఆ పనంతా మన కంటికి చిక్కకుండా పోతుంది. ఫోన్‌లో చూసినా అంతే. అందుకే ప్రదర్శనకు వెళ్లాలనేది.

కాన్వాస్ అంచులు, మూలలు మర్చిపోకండి. పక్కకు మడిచిన గుడ్డ మీద తరచుగా కింది పొర రంగు బయటపడుతుంది. బొమ్మ నీలం అనుకుంటాం, అంచు చూస్తే అది ఎరుపు మీద మొదలైందని తెలుస్తుంది.

ఒకసారి కళ్యాణదుర్గం దగ్గరి మా మామను అనంతపురంలో ఒక ప్రదర్శనకు తీసుకెళ్లాను. శెనక్కాయ పండించే మనిషి, ఆస్పత్రి పని మీద వచ్చి నాతో పాటు హాల్లోకి వచ్చాడు. ఎర్రమట్టి రంగు మీద బూడిద తెలుపు, నిండా పగుళ్లున్న ఒక కాన్వాస్ ముందు ఆగిపోయాడు. నేను మూడు బొమ్మలు దాటి తిరిగొచ్చినా అక్కడే ఉన్నాడు. "ఇది చూడప్పా. చెరువు ఇంకిపోయినాక అడుగు ఇట్లే పగుల్తాది. పైన ఎండిపోతాది, కింద ఇంకా తడి ఉంటాది. పైది ముడుచుకుంటాది, కిందిది ముడుచుకోదు. అందుకే పగులు" అన్నాడు. పక్కనే ఉన్న చిత్రకారుడు విని దగ్గరికొచ్చాడు. కింది రంగు పూర్తిగా ఆరకముందే పైన తొందరగా ఆరే పూత వేశానని, పగుళ్లు రావాలనే అలా చేశానని చెప్పాడు. మామ చెరువు గురించి చెప్పాడు, ఆయన రంగు గురించి చెప్పాడు, ఇద్దరూ చెప్పింది ఒకటే. ఆ రోజు ఆ హాల్లో ఆ బొమ్మను అందరికన్నా బాగా చూసింది మా మామే.

ఇక్కడ ఒక తేడా పట్టుకోవాలి. "ఇది చెరువు" అని మామ అనలేదు. "చెరువు అడుగు ఇట్లే పగుల్తాది" అన్నాడు. మబ్బుల్లో ఏనుగును వెతికినట్టు బొమ్మలో వస్తువును వెతికితే, అది దొరికిన క్షణమే చూడటం ఆగిపోతుంది. పోలిక తోస్తే తోయనివ్వండి, దాన్ని పట్టుకుని మళ్లీ బొమ్మలోకే వెళ్లండి. ఏ రంగు వల్ల తోచింది? ఏ గీత వల్ల?

పగుళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. రష్యా చిత్రకారుడు మాలెవిచ్ 1915లో తెల్ల కాన్వాస్ మీద ఒక నల్ల చతురస్రం వేసి, ప్రదర్శనలో గది మూలన, పైన తగిలించాడు. రష్యన్ ఇళ్లలో దేవుడి పటం పెట్టే చోటు అది. బొమ్మను ఎక్కడ పెట్టారన్నది కూడా మాటే అని దీన్నుంచి నేర్చుకోవచ్చు. మీరు చూస్తున్న హాల్లో కూడా ఏ బొమ్మ పక్కన ఏది పెట్టారో, దేన్ని ఒంటరిగా వదిలారో చూడండి. నూరేళ్లు గడిచాక ఆ నలుపు పగిలి, సందుల్లోంచి కింద ఉన్న వేరే రంగులు కనిపిస్తున్నాయి.

ఇప్పుడు చీటీ చదవండి

బొమ్మ పక్కన చిన్న చీటీ ఉంటుంది: పేరు, సంవత్సరం, దేంతో వేశారు, కొలతలు. కొలతల్లో మామూలుగా ఎత్తు ముందు, వెడల్పు తర్వాత రాస్తారు.

"అన్‌టైటిల్డ్" అని చాలాచోట్ల కనిపిస్తుంది. అది బద్ధకం కాదు. పేరు పెడితే చూసేవాళ్లు పేరునే చూస్తారని కొందరు పెట్టరు. కరాచీలో 1937లో పుట్టి, బరోడాలో పాఠాలు చెప్పి, 1990లో కన్నుమూసిన నస్రీన్ మొహమ్మదీ కాగితం మీద ఇంకుతో సన్నటి గీతలు గీసేది. ఆ గీతల మధ్య దూరం కొద్దికొద్దిగా మారుతూ కాగితమంతా ఊపిరి పీల్చినట్టుంటుంది. ఆమె తన బొమ్మలకు పేర్లు పెట్టలేదు. రజా మాత్రం తన బొమ్మలకు బిందువు అని పేరు పెట్టాడు. మధ్యప్రదేశ్ పల్లెటూళ్లో చిన్నప్పుడు బళ్లో కుదురుగా కూర్చోకపోతే మాస్టారు గోడ మీద ఒక చుక్క పెట్టి దాన్నే చూడమన్నారట. పారిస్‌లో ఎన్నో ఏళ్లు గడిపాక ఆ చుక్కే తిరిగొచ్చి ఆయన బొమ్మల మధ్య నల్లటి సూర్యుడిలా నిలిచింది. రెండూ సరైన పద్ధతులే. పేరున్నచోట చదివి మళ్లీ బొమ్మ చూడండి. పేరు ఏమైనా కలిపిందా, లేక తగ్గించిందా?

"ఆయిల్" అని ఉంటే నూనె రంగు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, చేతికి అంటకుండా ఆరడానికే రోజులు పడుతుంది. అందుకే రంగులు కాన్వాస్ మీదే ఒకదాంట్లోకి ఒకటి కరుగుతాయి. "అక్రిలిక్" అయితే నిమిషాల్లో, మహా అయితే గంటల్లో ఆరిపోతుంది, పొరలు కత్తిరించినట్టు ఉంటాయి. "మిక్స్‌డ్ మీడియా" అంటే రంగుతో పాటు కాగితం, గుడ్డ, ఇసుక ఏదైనా ఉండొచ్చు. చీటీ మీద ఎర్రచుక్క ఉంటే అమ్ముడుపోయిందని.

చిత్రకారుడితో మాట

"ఇది ఏంటండి?" అని అడగొద్దు. దానికి జవాబు చెప్పి చెప్పి వాళ్లు అలిసిపోయి ఉంటారు. "ఎక్కడ మొదలుపెట్టారు? ఏ రంగు ముందు పడింది? ఇక చాలు, ఆపాలి అని ఎలా తెలిసింది?" అని అడగండి. ఆ చివరి ప్రశ్నకు ముఖం వెలిగిపోని చిత్రకారుడిని నేను చూడలేదు. పెద్దవాళ్లయితే "సార్", "మేడమ్" అనే పిలుస్తాం, పరిచయం పెరిగాక "అన్నా", "అక్కా" ఎలాగూ వస్తుంది.

"ఇలాంటిది మా పాప కూడా వేస్తుంది" అన్న మాట ప్రతి హాల్లోనూ వినిపిస్తుంది. పాప ఒక్కసారి గొప్ప గీత గీయొచ్చు, నిజమే. అదే గీత కోసం పది కాన్వాసులు పాడుచేసి, పదకొండోదాంట్లో దాన్ని ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడం వేరే పని.

అలాగని గోడకెక్కిన ప్రతిదీ మంచి బొమ్మ కాదు. ఇది మొహమాటం లేకుండా చెప్పాలి. వరసగా పన్నెండు కాన్వాసుల్లో ఒకే చిమ్మిన రంగు, ఒకే బంగారు రేకు మెరుపు కనిపిస్తే, ఏ ఒక్కదాని ముందూ రెండో నిమిషంలో కొత్తది దొరక్కపోతే అక్కడ చేతి అలవాటు ఉంది, వెతుకులాట లేదు. నచ్చలేదని చెప్పే హక్కు మీకుంది. పది నిమిషాలు చూసి చెబితే ఆ మాటకు బరువుంటుంది.

ధర కోసం టేబుల్ మీది లిస్టు అడగండి, తప్పేం లేదు. 2013లో ముంబై వేలంలో గాయ్‌తొండే బొమ్మ ఒకటి 23 కోట్ల పైన పలికింది. ఆ అంకె మన ఊరి హాలుకు వర్తించదు. కొనాలనిపిస్తే చిన్న కాగితం బొమ్మతో మొదలుపెట్టండి. ప్రింటు కింద 3/25 అని పెన్సిల్‌తో రాసుంటే ఇరవై ఐదు ప్రతుల్లో మూడోదని అర్థం.

పిల్లలతో వెళ్తే

అరగంట మించొద్దు. ఒక తెల్లకాగితం, పెన్సిల్ ఇచ్చి "నీకు నచ్చిన ఒక్క గీత వెతికి గీసుకురా" అని వదిలేయండి. వాళ్లు తెచ్చిన గీత ఏ బొమ్మలోదో మీరు కనిపెట్టాలి. పెద్దవాళ్లు వస్తే కుర్చీ అడిగి బొమ్మకు ఎదురుగా వేయండి. కూర్చుని చూసేవాళ్లు ఎక్కువసేపు చూస్తారు.

ఇంటికొచ్చాక, ఆఖరి రోజు

ఆ రాత్రే, ఫోటోలు తెరవకముందు, చూసిన ఒక బొమ్మను గుర్తున్నంత మటుకు పెన్సిల్‌తో గీయండి. ఎంత వంకరగా వచ్చినా ఫర్వాలేదు. ఎక్కడ చెయ్యి ఆగిపోతుందో అక్కడ మీరు చూడలేదన్నమాట. అది మళ్లీ చూడటానికే ఇంకోసారి వెళ్లండి.

వెళ్లడానికి ఆఖరి రోజు సాయంత్రం మంచిది. బొమ్మలు దించే వేళకు అక్కడే ఉండి, ఒక చెయ్యి వేస్తానని అడగండి. సాయానికి ఎప్పుడూ మనుషులు చాలరు కాబట్టి ఒప్పుకుంటారు. కాన్వాస్‌ను రెండు వైపులా చెక్క ఫ్రేము పట్టుకుని ఎత్తాలి, గుడ్డకు వేళ్లు తగలకూడదు. గోడకు ఆనించే ముందు వెనక్కి తిప్పినప్పుడు చూడండి. గుడ్డ వెనక్కి ఇంకిన నూనె మరకలు, కొట్టేసి మళ్లీ రాసిన పేరు, తారీఖు ఉంటాయి. ఎటు పైకి పెట్టాలో మర్చిపోకుండా చిత్రకారుడు పెన్సిల్‌తో గీసుకున్న చిన్న బాణం గుర్తు కూడా కనిపిస్తుంది.